లోగో మీద గీసిన గీత

కరోనా పోయాక రెండో ఏడు, చలికాలం. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మాది ఇంటి సామాన్ల షాపు. మిక్సీలు, కుక్కర్లు, ఇస్త్రీ పెట్టెలు, గీజర్లు అమ్ముతాం. నా జుట్టు ఈ కౌంటర్ వెనకే తెల్లబడింది. చలి మొదలైందంటే మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ పోయేది కరెంటు కెటిల్. కొనేది సంసారులు కాదు, అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు. ఆ గదుల్లో స్టవ్వు పెట్టనివ్వరు. అందుకని చాయ్, నూడుల్స్, గుడ్లు, అన్నీ ఆ కెటిల్లోనే.

ఆ ఏడాది ఒక కొత్త కెటిల్ వచ్చింది. దాని మీద ఒక తెలుగు న్యూస్ చానల్ పేరు, ఎర్రటి లోగో. వార్తలు చెప్పేవాళ్లకు నీళ్లు కాచే పనేంటని నాకు నవ్వొచ్చింది. మా డిస్ట్రిబ్యూటర్‌ని అడిగితే దీన్ని లైసెన్సింగ్ అంటారని చెప్పాడు. చానల్ ఏదీ తయారు చేయదు. తన పేరును కిరాయికిస్తుంది. ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీవాడు తన సరుకు మీద ఆ పేరు అచ్చేసుకుంటాడు. నాకేం, సరుకు జోరుగా కదిలింది. పిల్లలు పేరు చదివి, ఇంకో మాట అడక్కుండా పట్టుకుపోయేవాళ్లు.

ఒకరోజు షాపు తెరిచీ తెరవగానే స్వప్న అనే అమ్మాయి వచ్చింది. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి అశోక్ నగర్‌లో ఉంటోంది. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు ఉంది. ఎడమచేత్తో సంచీలోంచి కెటిల్ తీసి నా ముందు పెట్టింది.

"అన్నా, ఇది మీ దగ్గరనే కొన్న. నీళ్లు పెడితే మరగంగనే ముక్కులకెంచి ఒక్కసారే ఎగజిమ్మినయ్. స్విచ్చు బంద్ చేద్దామని పోతే మొత్తం చెయ్యి మీదనే పడ్డయ్."

"నిండుగ పోసినవా బిడ్డా?"

"ఎంత పోయాల్నో ఏడ రాసున్నది? మీరే చూపియ్యిండ్రి."

తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా లేదు. ఏ కెటిల్‌కైనా లోపలో బయటో మ్యాక్స్ అని ఒక గీత ఉంటుంది. దాన్ని దాటి పోస్తే మరిగే నీళ్లు బయటికి చిమ్ముతాయి. దీనికి ఆ గీతే లేదు.

"చానల్‌కు ఫోన్ చేసిన," అంది. "మేం తయారు చెయ్యలే, ఫ్యాక్టరీని అడుగు అన్నరు. ఫ్యాక్టరీల ఎవ్వరు ఫోన్ ఎత్తుతలేరు. నాకు పైసలు వద్దన్నా. మా హాస్టల్ల రూముకొకటి ఉన్నది ఇదే కెటిల్. అందరికీ మెయిన్స్ ఉన్నది. ఇంకొకళ్ల చెయ్యి కాలితే ఎట్ల?"

మెయిన్స్ అంటే గడుల్లో టిక్కు పెట్టే పరీక్ష కాదు. గంటల తరబడి కూర్చుని చేత్తో రాయాలి. ఆ కట్టు ఉన్నది రాసే చేతికే.

అదే ఫ్యాక్టరీ తన సొంత పేరుతో చేసిన పాత కెటిల్ ఒకటి నా అలమరలో ఉంది. తీసి పక్కన పెట్టాను. రెండూ ఒకే అచ్చు. పాతదానికి పక్కన నీళ్లు కనపడే సన్నటి కిటికీ, దాని మీద గీత ఉన్నాయి. కొత్తదానికి కిటికీ లేదు, సరిగ్గా అక్కడే లోగో ఉంది. వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేశాను.

"అది క్లియర్ స్పేస్ అన్నా," అన్నాడు. లోగో చుట్టూ ఇంత మేర ఏ రాతా గీతా ఉండకూడదని చానల్‌వాళ్ల రూలట. సాంపిల్ పంపితే లోగో దగ్గర ఆ కిటికీ, గీతా ఏంటి, తీసేయమన్నారట. ఫ్యాక్టరీవాడు తీసేశాడు.

"మరి నీళ్లు ఎంత పొయ్యాలె?"

"వాళ్లు లోగో రంగు చూస్తరన్నా. నీళ్లు పోసి ఎవరు చూస్తరు?"

నాకు ఒళ్లు మండింది. పాత కెటిల్లో గీత దాకా నీళ్లు పోసి, వాటిని కొత్తదాంట్లోకి వంచి, లోపల ఎంత ఎత్తులో ఆగాయో బయట అంతే ఎత్తులో మార్కర్‌తో నల్లటి గీత గీశాను. అది సరిగ్గా లోగో నడుమ నుంచి పోయింది. షాపులో ఉన్నవాటన్నిటికీ అలాగే గీశాను. స్వప్న ఇంకో మార్కర్ అడిగి తీసుకుని హాస్టల్‌కి పోయింది. అక్కడ ఎవరో అమ్మాయి ఆ గీతల కెటిళ్లను, మా షాపు పేరుతో సహా, ఇన్‌స్టాలో పెట్టింది.

కాలిన చేతికి కదలని చానల్ ఈ ఫొటోకి కదిలింది. లైసెన్సింగ్ చూసే మాధవి గారని ఒకావిడ, చేతిలో ఫైలుతో మా షాపుకొచ్చారు.

"మా లోగోని పాడుచేసి అమ్ముతున్నారండి మీరు. లీగల్ నోటీసు ఇవ్వాల్సి వస్తుంది."

"ఇయ్యండమ్మా. జర ఇది చూసి ఇయ్యండి," అని ఒక కెటిల్‌ని అంచు దాకా నింపి స్విచ్చు వేశాను. దూరంగా నిలబడమన్నాను. కాసేపటికి బుసకొట్టి, కౌంటర్ అంతా వేడినీళ్లు చిమ్మింది. ఆవిడ ఫైలు తడిసింది.

ఆవిడ దాన్ని తుడుచుకోలేదు. "ఎవరికైనా కాలిందా?" అని మాత్రం అడిగారు. చెప్పాను.

"చెయ్యి కాలిందని నేను రాస్తే ఆ కాయితం లీగల్‌వాళ్ల దగ్గరికి పోతుంది," అన్నారు. "వాళ్లు ఫ్యాక్టరీకి రాస్తారు. ఫ్యాక్టరీ జవాబివ్వదు. అదే, లోగో పాడవుతోందని రాస్తే పైవాళ్లందరూ లేచి కూర్చుంటారు."

"అయితే ఏం చేద్దామంటరు?"

"ఇంకా లావుగా గీయండి. ఫొటో తీసుకుంటాను."

గీశాను. అంత ఇష్టంగా నేను బడిలో కూడా ఏమీ గీయలేదు. ఆ ఫొటో పైవాళ్లకు చేరిన వారంలోనే సరుకంతా వెనక్కి పిలిచారు. తర్వాత వచ్చిన వాటిమీద ఎర్ర గీత, పక్కన మ్యాక్స్ అని పెద్దక్షరాలు ఉన్నాయి. లోగో కిందికి, పీఠం దగ్గరికి జరిగింది. షాపులకు పంపిన కాయితంలో మాత్రం 'లోగో గౌరవం కాపాడటానికి' మార్చామని రాశారు. చెయ్యి ఊసే లేదు.

మెయిన్స్ అయ్యాక స్వప్న వచ్చింది. కట్టు లేదు. తోలు ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"రాసిన అన్నా. ప్రతి పేపర్ల ఆఖరి ప్రశ్నలు విడిచిపెట్టిన. తెల్వక కాదు, వేళ్లు వంగలే." కొత్త కెటిల్ తీసుకుని గీత మీద వేలు పెట్టింది. "ఇది ఉంటే గీడనే ఆపుదును."

ఇంట్లో ఏమన్నారని అడిగాను.

"ఇంట్ల చెప్పలే. ఆ చానలోళ్లదే కొను బిడ్డా, వాళ్లు అబద్ధమాడరు అన్నది మా నాయిననే. పొద్దుమాపు అదే పెట్టుకుని కూసుంటడు. చెప్తే, నా మాట విన్నందుకే బిడ్డ చెయ్యి కాలింది అనుకుంటడు."

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కిరాయికి పోయింది ఒక పేరు అనుకున్నాను అన్నాళ్లూ. ఆ చానల్ ముందు రోజూ కూర్చునే ఒక తండ్రి నమ్మకాన్ని కూడా దాంతోపాటే ఇచ్చేశారు, ఆయన్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఎవరైనా డబ్బా మీద పేరు చూసి డబ్బులు తీస్తే, ఆగమని చెప్పి, వాళ్ల ముందే నీళ్లు పోసి మరగబెట్టి చూపిస్తాను. ఆలస్యమవుతోందని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.