డాక్టరుగారి తోటకూర మడి

జగ్గయ్యపేటలో మనుషుల డాక్టర్లకి కొదవ లేదు గానీ, మిరపాకుకి జబ్బు చేస్తే మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నీ జగన్నాథరావు దగ్గరికే వస్తాయి. ఆయన చదివింది బీకాం, అమ్మేది పురుగుమందులు. రైతు జబ్బు చేసిన ఆకును తెంపి, జేబులో పెట్టుకొచ్చి కౌంటరు మీద పెడతాడు. జగన్నాథరావు కళ్లజోడు సర్దుకుని, ఆకును తిరగేసి, వెలుతురుకు పట్టి చూసి "తామరపురుగు" అంటాడు. ఆ మాట పూర్తికాకముందే చెయ్యి బీరువాలోకి వెళుతుంది. ఒక్క సీసాతో పోయే జబ్బు ముప్ఫయ్యేళ్ల ప్రాక్టీసులో ఆయనకింకా తగల్లేదు. అందరూ ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తారు, ఆయనా ఏనాడూ కాదనలేదు. డాక్టరుగారు కొట్టమన్నారంటే రైతు ఇక ఇంట్లో ఆవిడ మాట కూడా వినడు. ఆ నమ్మకమే ఆయన అసలు ఆస్తి. మేడా, పొలమూ దాని తర్వాతే.

అలాంటి మనిషికి పోయిన ఏడాది ఉన్నట్టుండి ఆరోగ్యం మీద భక్తి పుట్టింది. నందిగామలో ఒక కల్యాణమంటపంలో ఎవరో ఆర్గానిక్ తిండి గురించి ఉపన్యాసం పెట్టారు. చివర్లో చిరుధాన్యాల భోజనం ఉందంటే ఈయన వెళ్లాడు. వేదిక మీది మనిషి కూరగాయల్లో మిగిలిపోయే మందుల పేర్లు వరసగా చదివాడు. హాల్లో మిగతావాళ్లకి అవి నోరు తిరగని పేర్లు. జగన్నాథరావుకి మాత్రం ఏ పేరు సీసా బీరువాలో ఎన్నో అరలో ఉందో కూడా తెలుసు. ఆ పూట కొర్రన్నం ఆయనకి సయించలేదు.

ఆయనది ఏదైనా సగం సగం చేసే రకం కాదు. మర్నాడే విజయవాడ వెళ్లి, కారు డిక్కీ నిండా ఆర్గానిక్ సరుకు తెచ్చాడు. కందిపప్పు, దంపుడు బియ్యం, గానుగ నూనె, నల్లబెల్లం, ఆఖరికి ఆర్గానిక్ అగరొత్తులు కూడా. దేవుడి ఊపిరితిత్తులకి కూడా ఏమీ కాకూడదు కదా! మూడు వారాలు తిరిగేసరికి కందిపప్పు డబ్బాలో పురుగులు కాపురం పెట్టాయి. డబ్బా మూత తియ్యగానే ఆయన అలవాటుకొద్దీ, "ఒక్క బిళ్ల వేస్తే పొద్దున్నకి మొత్తం ఖాళీ" అన్నాడు.

భార్య సీతారావమ్మ డబ్బా లాక్కుంది. "ఆ పప్పు తిని పురుగే బతికిందంటే మనమూ బతుకుతాం లెండి. ఎండబోసి చెరుక్కుంటా. మీరు మాత్రం షాపు నించి ఏమీ తేవాకండి."

ఆవిడ ఉపన్యాసాలకి వెళ్లలేదు గానీ, ఇంటి సంగతి తెలిసిన మనిషి. "అన్నీ ఒక్కసారే మార్చేస్తే ఇలాగే ఉంటదండీ. నెలకొకటి మార్చుకుందాం. ముందు ఆకుకూర చూడండి. మొన్న మందు కొట్టి ఇవాళ కోసుకొస్తున్నారు, అది ఎంత కడిగితే మాత్రం పోద్దా? ఆనపకాయా, బీరకాయా తొక్క తీసేవేగా, వాటి సంగతి తర్వాత చూద్దాం" అని తేల్చింది. ఇంత చిన్న మాటకి హాలూ, మైకూ ఎందుకో జగన్నాథరావుకి అర్థం కాలేదు.

ఆకుకూరంటే ఆయనకి చిల్లకల్లు శాంతయ్య గుర్తొచ్చాడు. హైవే పక్కన అరెకరం కౌలుకి తీసుకుని తోటకూర, గోంగూర పండించే శాంతయ్య ఇరవయ్యేళ్లుగా ఈ షాపు మందే కొడుతున్నాడు. ఆయన శాంతయ్యని షాపు వెనకవైపుకి పిలిచి, గొంతు తగ్గించాడు.

"శాంతయ్యా, మా ఇంటికని ఒక మడి వేరే వెయ్యి. దానికి మందు కొట్టొద్దు."

శాంతయ్య బిత్తరపోయాడు. "కొట్టకపోతే ఆకంతా పురుగు తినేస్తదండి. మీరే గదండీ చెప్పింది?"

"తింటే తిననీ. అది తినగా మిగిలింది చాలు మాకు. సంగతి మాత్రం బయట అనకు."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడడమంటే ఇదే. అయితే ఆ బల్లికి పడ్డ సంగతి అప్పటికింకా తెలియలేదు.

శాంతయ్య మాట మీద నిలబడే మనిషి. మడి వేశాడు, ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. వారానికి మూడుసార్లు అతని భార్య సౌభాగ్యమ్మ తోటకూర కట్టలు తెచ్చి సీతారావమ్మకి పెరటివైపు ఇచ్చి వెళ్లేది. ఆకుకి అక్కడక్కడా చిల్లులుండేవి. జగన్నాథరావు ఆ చిల్లుల్ని చూసి మురిసిపోయేవాడు. అవే చిల్లులు ఎదుటివాడి చేలో కనబడితే రెండు సీసాలు రాసేవాడు.

శాంతయ్యకి ఒకటే భయం. మందు కొట్టడానికి వచ్చే కూలి చిన్నబాబు పొరపాటున ఈ మడి మీద కూడా కొట్టేస్తే? ఆనవాలు ఏదైనా పెట్టాలి. ఇంట్లో పనికొచ్చే రేకుబోర్డు ఒకటి ఉంది. షాపువాళ్లు తమ మందు కొట్టిన చేలల్లో పాతమని ఇచ్చేవి అవి. డాక్టరుగారి మడి కాబట్టి డాక్టరుగారి పేరున్న బోర్డే మర్యాద అనుకున్నాడు. శుభ్రంగా కడిగి, గట్టున పాతాడు. బోర్డు మీద జగన్నాథరావు నవ్వు మొహం, షాపు పేరు, కింద పెద్దక్షరాలతో "ఈ పైరుకు వాడిన మందులు మా వద్ద లభించును" అని ఉంది.

హైవే మీద వెళ్లేవాళ్లంతా ఆ బోర్డు చూశారు. ముక్త్యాల నుంచి వస్తూ నరేంద్ర అనే కుర్ర రైతు బండి ఆపి మరీ చూశాడు. చుట్టూ మడులన్నీ నున్నగా మెరిసిపోతున్నాయి, బోర్డున్న మడిలో మాత్రం ఆకులు చిల్లులు పడి ఉన్నాయి. డాక్టరుగారి మందు ఇంత పేలవంగా ఎందుకు పనిచేసిందని సౌభాగ్యమ్మని అడిగాడు.

నోరు మూసుకోమని శాంతయ్యకి చెప్పారు గానీ, సౌభాగ్యమ్మకి ఎవరూ చెప్పలేదు. పైగా తన భర్త పనికి పేరు పోతుంటే ఆవిడ ఊరుకునే రకం కాదు.

"మందు పనిచెయ్యకపోవటం కాదయ్యా, అసలు కొట్టలా. అది డాక్టరుగారి ఇంటికి పోయే కూర. కొట్టొద్దన్నారు."

మర్నాడు షాపు బెంచీ మీద అయిదారుగురు రైతులు కూర్చుని ఉన్నారు. నరేంద్ర వచ్చి కౌంటరు మీద ఒక తోటకూర ఆకు పెట్టాడు.

"దీనికేం కొట్టమంటారండీ?"

జగన్నాథరావు ఆకును తిరగేసి, వెలుతురుకు పట్టి చూశాడు. "ఆకుతినే పురుగు. ముదిరింది" అన్నాడు. అప్పటికే చెయ్యి బీరువాలో ఉంది. రెండు సీసాలు తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇవి రెండూ కలిపి రేపు పొద్దున్నే కొట్టెయ్యి."

"ఇది చిల్లకల్లులో మీ మడిలో ఆకండీ. శాంతయ్యని కొట్టెయ్యమని చెప్పేదా?"

జగన్నాథరావు ఆకు వంక చూశాడు, సీసాల వంక చూశాడు. చచ్చేంత సిగ్గేసింది. సీసాల మూతల మీద చెయ్యి పెట్టి, వాటిని మెల్లిగా తనవైపు జరుపుకున్నాడు.

"వద్దులే" అన్నాడు.

నరేంద్ర గొంతులో ఎగతాళి లేదు. అదే ఆయన్ని ఇంకా కుంగదీసింది.

"మా పెరట్లో వేసిందీ మా పిల్లలు తినేదేగదండీ. మరి మాకేం చెప్తారు?"

"కొట్టొద్దు" అన్నాడు జగన్నాథరావు నేల చూపులు చూస్తూ.

బెంచీ చివర కూర్చున్న పెద్దాయనకి చెవుడు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగి, "డాక్టరుగారు ఏమన్నారూ?" అని పక్కవాణ్ని అడిగాడు. పక్కవాడు డాక్టరుగారి వైపే చూశాడు. జగన్నాథరావు తలెత్తి, బజారంతా వినబడేటట్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.