సీటీ గది ముందు

గట్టు ఊరి నుంచి గద్వాలకు పోయే బస్సులో, కడుపులో కుడిపక్క నొప్పితో వంగి కూర్చున్నాను. చేతిలో సీటీ స్కాన్ చీటీ. కడుపుతో ఉన్నావా అని డాక్టరు అడిగితే లేదన్నాను. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని అత్తమ్మ మాట.

పక్క సీటులో పత్తి ఏరి ఏరి వేళ్లు గీరుకుపోయిన పెద్దామె, నేను కిటికీలోంచి వాంతి చేసుకోవడం, చేతిలో చీటీ చూసింది.

“ఎన్నో నెల బిడ్డా?”

చీటీ మడిచి కొంగులో దాచుకున్నాను.

“నేను గూడ గిట్లనే దాచిన. సీటీ తీసినంక తెల్సింది, అది కడుపుల బిడ్డకు మంచిది గాదని. పిల్ల మంచిగనే పుట్టిందనుకో, గని కాన్పయ్యేదాక నాకు నిద్ర లేదు. ముందే చెప్తే బిడ్డకు ఏం గాని స్కాన్ చేస్తరు.”

దిగేటప్పుడు నా గడ్డం పట్టుకుంది. “చెప్తవా?”

స్కాన్ సెంటర్లో నా పేరు పిలిచారు. లేచి, అందరికీ వినపడేలా అన్నాను. “నాకు రెండో నెల.”

సీటీ ఆపేశారు. డాక్టరుకు ఫోన్ చేసి, అల్ట్రాసౌండ్ చేశారు. అపెండిక్స్ వాచిందని అందులోనే తేలింది. ఆపరేషన్ అయింది, బిడ్డ నిలిచింది.

అంతమందిలో చెప్పినందుకు అత్తమ్మ నెలరోజులు నాతో మాట్లాడలేదు. రెండో కాన్పప్పుడు మాత్రం ఏ దవాఖానకు పోయినా, నేను నోరు తెరిచేలోపే ఆమే చెప్పేసేది.