మీటరును నమ్మని మా బావ

మా బావ మనుషులందరినీ నమ్మేవాడు. మీటర్లను మాత్రం నమ్మేవాడు కాదు. అంకెలు చెప్పే వస్తువేదైనా సరే, తనతో అబద్ధమాడటానికే పుట్టిందని ఆయన గట్టి నమ్మకం.

ఒకసారి మా అక్కకు ఒళ్ళు కాలిపోతుంటే థర్మామీటరు పెట్టాను. నూటమూడు చూపించింది.

"దానికే జ్వరమొచ్చింది. పక్కింటివాళ్ళది తీసుకురా" అన్నాడు బావ.

అదీ అంతే చెప్పింది.

"రెండూ కుమ్మక్కయ్యాయి!"

వీధిలోని థర్మామీటర్లన్నీ మా గుమ్మం తొక్కేసరికి అక్క జ్వరం తగ్గి, లేచి వంట చేస్తోంది. "చూశావా, ఆఖరిదొక్కటే నిజం చెప్పింది" అన్నాడు.

ఇలాంటి మనిషి చేసే పని లారీ మెకానిక్కు!

ఒక ఉదయం షెడ్డులోకి ఒక లారీ వచ్చింది. చక్రం కనిపెట్టినవాడే దాన్ని తొలిసారి తోలి ఉంటాడు, అంత పాతది. దాని డ్రైవరే దానికి యజమాని కూడా. పెళ్ళాం కంటే ముందు లారీయే కాపురానికి వచ్చిందట.

"మేస్త్రీ, పరుగులో ఉన్నంతసేపూ బాగుంటుంది. బండి ఆపి ఇంజన్ ఊరికే తిరగనిస్తే చాలు, ఆయిల్ ప్రెషర్ ముల్లు అడుక్కి పడిపోతోంది. బేరింగులు అరిగాయి, ఇంజన్ పనైపోయిందన్నారు పెద్ద షెడ్డువాళ్ళు. తుక్కు వ్యాపారిని ఇక్కడికే రమ్మన్నాను" అన్నాడు.

"ప్రెషర్ లేదని ఎవరన్నారు?"

"మీటరు."

"అది నీకు మేనమామా, నమ్మడానికి?"

బావ ఇంజన్ పక్కనుండి మీటరుకు ప్రెషర్ కబురు అందించే సెన్సరు విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ కొలిచే తన సొంత గేజి బిగించాడు. ఆయిల్ వేడెక్కి పలచబడితేనే అసలు రంగు బయటపడుతుందని లారీని ఊరంతా తిప్పించాడు. తెచ్చి నిలబెట్టి, ఇంజన్ తిరుగుతుండగా చూస్తే ముల్లు నిక్షేపంగా ఉంది.

"అంటే పాడైంది సెన్సరే, ఇంజన్ కాదు!" అన్నాను.

"తొందరపడకు బావమరిదీ. ఇదీ మీటరే కదా."

పక్క షెడ్డు నుంచి ఇంకో గేజి తెప్పించాడు. అదీ బాగుందనే చెప్పింది. "వంతపాడుతోంది" అని మరొకటి తెప్పించాడు. ఈసారి డ్రైవరు చేతే బిగించమని, అతని చేతే చదివించాడు. తర్వాత పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కు, పిడి అతని చెవికి ఆనించాడు.

"బేరింగు అరిగితే లోపల దబదబా బాదుతుంది. వినపడుతోందా?"

"లేదు మేస్త్రీ."

"సరిగ్గా విను. నీ చెవిని మాత్రం ఏం నమ్మగలం?"

ఈలోగా తుక్కు వ్యాపారి దిగబడి, టైర్లను తన్ని చూస్తున్నాడు. బావ ఇంకో గేజి కోసం చెప్పులేసుకున్నాడు.

డ్రైవరుకు తిక్క రేగింది. "ఆగవయ్యా మేస్త్రీ! ఎన్నిసార్లు చూస్తావు? ముల్లు నిలబడింది కనపడట్లేదా? చెవి పెట్టి విన్నాను, నా బండి తుమ్మెదలా పాడుతోంది!" అని వ్యాపారి మీదికి తిరిగాడు. "నువ్వు ఆ టైరు మీంచి కాలు తియ్యి! నేను అమ్మను!"

"పోనీ, సెన్సరు మార్చనా?" అన్నాడు బావ బుద్ధిమంతుడిలా.

"అదొక్కటే మార్చు! ఇంకేదీ ముట్టుకోకు!"

కొత్తది పడగానే లారీలోని ముల్లు కూడా లేచి నిలబడింది. నేను బావను పక్కకు లాగాను.

"ఇంజన్ బాగుందని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి గేజికే."

"మరి ఈ నాటకమంతా ఎందుకు?"

"నేను బాగుందంటే నా మాట మీద వెళ్ళేవాడు. రేపు కొండ మధ్యలో గుండె జారితే నా మాట అక్కడికి వస్తుందా? ఇప్పుడు చూడు, నాతో పోట్లాడి మరీ నమ్మాడు. ఆ నమ్మకాన్ని ఇక ఎవడు ఊడబీకుతాడు?"

లారీ కదిలింది. డ్రైవరు కిటికీలోంచి వంగి, నాతో గుసగుసగా అన్నాడు: "పాపం, మంచివాడే. ఏ డాక్టరుకైనా చూపించకూడదూ?"

"చూపించాం. అప్పట్నుంచి ఆ డాక్టరు తన బీపీ మిషన్ను పక్క వీధి డాక్టరు మిషన్‌తో సరిచూసుకుంటున్నాడు" అన్నాను.