నేలిదా అత్త సొరబుర్ర

గిచోన్ బడిలో ఇరవై ఏడేళ్ళు వంట చేసిన నేలిదా బెంతాంకోర్‌ని ఊళ్ళో అందరూ అత్త అనే పిలుస్తారు. ఆమె వండిన మాంసం పులుసు తినకుండా మా ఊళ్ళో ఎవరూ ఆరో తరగతి దాటలేదు. నేనూ దాటలేదు. నూట ఎనభై గిన్నెల్లో పులుసు పోస్తే మొదటి గిన్నెకీ ఆఖరి గిన్నెకీ చెంచాడు తేడా ఉండేది కాదు. అరవై మూడో ఏట మూత్రపిండాలు మొరాయించాక, ఆ చెయ్యే ఆమెకి మళ్ళీ అక్కరకొచ్చింది.

సోమ, బుధ, శుక్రవారాల్లో పది గంటలకి ఒక తెల్ల వ్యాను వచ్చి నలుగురిని పైసాందూ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తుంది. నేలిదా అత్త, తేనెటీగలు పెంచే ఎల్వియో, కుట్టుపని చేసే మిర్తా, రైల్వేలో పనిచేసి దిగిపోయిన దార్దో. నడిపేది ఒలీవియో, అత్త పులుసు తిని పెరిగినవాడే. గంటన్నర దారి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి రోజంతా తాగడానికి మూడు నాలుగు గ్లాసుల నీళ్ళే లెక్క. ఎక్కువ తాగితే ఆసుపత్రి గుమ్మం పక్కనున్న తూకం చెప్పేస్తుంది. అలాంటివాళ్ళు మాతే, అంటే సొరబుర్రలో ఆకు వేసి వేడినీళ్ళు పోసుకుని గొట్టంతో పీల్చే కషాయం, తాగడం ఎలా? మా దేశంలో మాతే తాగకుండా గంటన్నర ప్రయాణం చెయ్యడం ఎలా?

దీనికి అత్త దగ్గర ఒక ఉపాయం ఉండేది. ఒక సొరబుర్ర, ఒక లోహపు గొట్టం, ఒక ఫ్లాస్కు. ఎవరి బుర్ర వాళ్ళ చేతికిస్తే ఎవరూ ఒక దగ్గర ఆగరు. ఒకే బుర్ర అందరికీ తిరుగుతుంటే రెండోసారి వంతు వచ్చేసరికి దారిలో ఓర్గొరోసో ఊరు దాటిపోతుంది. మనిషికి రెండు వంతులు, వంతుకి సగం బుర్ర. ఎల్వియో ఎప్పుడూ గొణిగేవాడు.

"అక్కా, ఇది మాతేనా, కంటిలో వేసే చుక్కలా?"

"చుక్కలే. కళ్ళు తెరుచుకుంటాయని పోస్తున్నా. ఇంకా తెరుచుకోలేదు."

కరోనా వచ్చాక గోడ గోడకీ కాగితాలు అంటించారు. ఎవరి మాతే వాళ్ళదే, ఒకరి గొట్టం ఒకరు ముట్టుకోవద్దు. నలుగురూ బుద్ధిగా విన్నారు. ఎవరి బుర్ర, ఎవరి ఫ్లాస్కు వాళ్ళు తెచ్చుకున్నారు. మూడు వారాల్లో ఎల్వియో తూకం మామూలుకంటే రెండు కిలోలు పెరిగింది. దార్దో కాళ్ళు బూట్లలో పట్టలేదు. మిర్తాకి ఒక రాత్రి ఊపిరాడలేదు. డాక్టరమ్మ నలుగురినీ వరసగా నిలబెట్టి చీవాట్లు పెట్టింది.

ఆ శుక్రవారం తిరుగు ప్రయాణంలో అత్త వాళ్ళ ఫ్లాస్కులన్నీ తీసుకుని తన సంచిలో పెట్టేసుకుంది. సోమవారం నుంచి మళ్ళీ ఒకే బుర్ర. కాకపోతే ప్రతి వంతుకీ గొట్టం మీద మరుగుతున్న నీళ్ళు పోసేది. మరిగే నీళ్ళలో ఏ పురుగు బతుకుతుంది అన్నది ఆమె ధీమా. వంటింట్లో అదే శాస్త్రం.

అక్టోబరులో ఆ డాక్టరమ్మ, ఫ్లొరెన్సియా ఇరిగోయెన్, ఒక పరిశోధన మొదలుపెట్టింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి ఈ జబ్బు ఎలా సోకుతోంది, జ్వరం దగ్గు లేకుండానే ఎంతమందికి వచ్చి పోతోంది, ఒంట్లో దాని ఆనవాలు ఎన్నాళ్ళుంటుంది, ఇవి తేల్చాలని. నెలకోసారి యంత్రానికి పెట్టే గొట్టంలోంచే ఒక చిన్న సీసాడు రక్తం తీసుకుంటారు. వేరే సూది ఉండదనగానే అందరూ సంతకాలు పెట్టారు. పేర్లుండవు, నంబర్లే. అత్త నంబరు పదిహేడు.

ఒక విద్యార్థిని ప్రశ్నల కాగితం పట్టుకుని హాలు మధ్యలో నిలబడి గట్టిగా చదివేది.

"పదిహేడో నంబరు, ఈ నెలలో ఎవరితోనైనా మాతే పంచుకున్నారా?"

పక్కనే పెద్ద నర్సు, చేతులు నడుముకి ఆనించుకుని. అత్త పైకప్పు వంక చూసి "లేదమ్మా" అంది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై నంబర్లు కూడా పైకప్పు వంకే చూశాయి.

జనవరిలో ఫలితాలు వచ్చాయి. ముప్ఫై ఆరుమందిలో నలుగురి రక్తంలోనే కరోనా ఆనవాళ్ళు కనిపించాయి. ఆ నలుగురూ వీళ్ళే. ఎవరికీ పెద్దగా ఏమీ కాలేదు. ఎల్వియోకి మాత్రం డిసెంబరులో వారం రోజులు తేనె వాసన తెలియలేదు. జలుబనుకున్నాడు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. మాస్కులున్నాయి, కుర్చీల మధ్య దూరం ఉంది, మరి ఈ నలుగురికే ఎందుకు? కలిసి వస్తారు కాబట్టి నలుగురూ కిటికీ పక్క వరసలో కూర్చుంటారు. ఆ వరస చూసేది నర్సు సుల్మా. సుల్మాకి డిసెంబరులోనే కరోనా వచ్చి రెండు వారాలు సెలవు పెట్టింది. చూపులన్నీ సుల్మా మీదికి తిరిగాయి. పరిశోధన వ్యాసం శుక్రవారానికి పూర్తవుతుందనీ, అది పైవాళ్ళకి చేరగానే సుల్మాని డయాలసిస్ నుంచి తీసేసి బట్టలుతికే విభాగంలో వేస్తారనీ వార్త. అప్పటిదాకా ఆమెని రికార్డుల గదిలో కూర్చోబెట్టారు.

అత్త ఎడమ చేతి నరం కొంటెది. సూది చూస్తే పక్కకి జారుతుంది. దాన్ని ఒక్క పోటులో పట్టగలిగింది ఆరేళ్ళలో సుల్మా ఒక్కతే. ఆ సోమవారం కొత్త నర్సు మూడుసార్లు గుచ్చింది. బుధవారం నాలుగుసార్లు. అయినా అత్తని బాధపెట్టింది సూది కాదు. రికార్డుల గది తలుపు సందులోంచి సుల్మా చెయ్యి ఊపి, "అత్తా, చెయ్యి బిగబట్టకు, వదులుగా ఉంచు" అనడం.

శుక్రవారం వ్యాను బయల్దేరగానే అత్త బుర్రలో ఆకు వెయ్యలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇవాళ చెప్పేస్తాను."

"ఏం చెప్తావక్కా?" ఎల్వియో ముందుకి వంగాడు. "నలుగురం నాలుగు నెలలు అబద్ధమాడామనా? డాక్టరమ్మ మనల్ని నాలుగు వ్యానుల్లో తెప్పిస్తుంది."

"సుల్మాని ఉతుకుడుకి వేస్తున్నారయ్యా."

"అది ఉతుకుతుంది, కుర్రది, బలం ఉంది. నాకు నీ రెండు వంతులు పోతే ఏం మిగిలింది?"

"సిగ్గు మిగుల్తుంది, ఉంటే," అంది మిర్తా.

దార్దో గొంతు సవరించుకున్నాడు. "నేలిదా, నువ్వు చెప్పినా వాళ్ళు నమ్మాలిగా. ఒకే వరసలో కూర్చున్నాం, ఒకే నర్సు. నీ మాటకి రుజువేది?"

అప్పుడు అత్త తల తిప్పి డ్రైవరు మెడ వంక చూసింది.

"ఒలీవియో."

"అత్తా, నన్ను లాగకు."

"నువ్వు రోజూ మాతోపాటు ఇదే బుర్రలో తాగుతావా లేదా?"

"తాగుతాను. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంటాయని రాయించు."

"నువ్వు ఎప్పుడైనా ఆ హాల్లోకి అడుగుపెట్టావా? సుల్మా నిన్నెప్పుడైనా ముట్టుకుందా?"

"ముట్టుకుంటే మా ఆవిడ ఊరుకుంటుందా?"

"మరి నీ రక్తంలో కూడా అదే ఉంటే?"

ఒలీవియో అద్దంలోంచి ఆమెని చూశాడు. "సూదంటే నాకు భయం అత్తా."

"మేం వారానికి మూడు రోజులు గుచ్చించుకుంటున్నాం. నువ్వు గొర్రెపిల్లలా అరవకుండా ఒక్కసారి గుచ్చించుకో. చిన్నప్పుడు అడిగినప్పుడల్లా రెండో గిన్నె పోశాను నీకు."

ఆసుపత్రిలో తూకం పళ్ళెం దగ్గర డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. అత్త తను ఎక్కలేదు. సొరబుర్రని పళ్ళెం మీద పెట్టింది.

"ముందు దీన్ని తూచండి డాక్టరమ్మా. మీరు వెతుకుతున్నది ఇదే."

అంతా చెప్పింది. దాచిన ఫ్లాస్కులు, మరిగే నీళ్ళ శాస్త్రం, పైకప్పు చూపులు. చెబుతున్నంతసేపూ ఎల్వియో తన బూట్లు చూసుకున్నాడు. ఒలీవియో గుమ్మంలో చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

డాక్టరమ్మకి కోపం వచ్చింది. "నేలిదా గారూ, మీకేమన్నా అయి ఉంటే?"

"అయి ఉంటే మీరు తిట్టడానికి నేనుండేదాన్ని కాదు. కానీ మార్చిలో ఎవరి మాతే వాళ్ళు తాగినప్పుడు మా తూకాలు చూడండి. తర్వాత నేను పోసినప్పటివి కూడా చూడండి."

ఆవిడ చూసింది. కుర్చీ లాక్కుని మళ్ళీ చూసింది. తర్వాత ఒక గ్లాసూ పెద్ద సిరంజీ తెచ్చి, గ్లాసు చూపించి, "మీరు వంతుకి పోసేంత ఇందులో పొయ్యండి" అంది. అత్త పోసింది. సిరంజితో లాగి కొలిస్తే నలభై మిల్లీలీటర్లు. మళ్ళీ పోయించింది. నలభై ఒకటి.

"ఆ ఒకటి కొత్త చోటు వల్ల," అంది అత్త నొచ్చుకుంటూ. "వ్యాను కదులుతుంటే బాగా పోస్తాను."

పరీక్షలో ఒలీవియో రక్తంలోనూ అవే ఆనవాళ్ళు కనిపించాయి. నవంబరు చివర బావమరిది పుట్టినరోజుకి వెళ్ళొచ్చాక రెండు రోజులు ఒళ్ళు నొప్పులని అప్పుడు ఒప్పుకున్నాడు. సుల్మాకి జబ్బు వచ్చింది ఆ తర్వాత పది రోజులకి. అంటే జబ్బు సుల్మా నుంచి వ్యానుకి కాదు, వ్యాను నుంచే సుల్మాకి చేరి ఉండొచ్చు. వ్యానులో గాలి వల్లా, గొట్టం వల్లా అనేది తేల్చలేనని డాక్టరమ్మ నిజాయితీగా చెప్పింది. సుల్మా వల్ల అనడానికి మాత్రం ఆధారం లేదని రాసిచ్చింది. వ్యాసం మూడు నెలలు ఆలస్యమైంది. హాలు మధ్యలో నిలబడి ప్రశ్నలు చదవడం మానేసి, ఎవరి కాగితం వాళ్ళకిచ్చి మడిచి పెట్టెలో వెయ్యమన్నారు. మొదటి నెలలోనే మరో తొమ్మిదిమంది మాతే పంచుకున్నట్టు తేలింది. వాళ్ళలో పెద్ద నర్సు తమ్ముడు ఒకడు.

ఎల్వియో వాళ్ళ కంచె మీద గుప్పెడంత సొరకాయలు కాస్తాయి. అత్త వాటిని ఎండబెట్టించి, తొలిచి, నలభై మిల్లీలీటర్లే పట్టేటట్టు ఐదు బుర్రలు చేసింది. ఇప్పుడు ఎవరి బుర్ర, ఎవరి గొట్టం వాళ్ళదే. ఫ్లాస్కు మాత్రం అత్తదే. కిటికీలు తెరిచి, చెయ్యి చాచి దూరం నుంచి ఆమే పోస్తుంది, మనిషికి రెండు వంతులు.

వ్యాసం అచ్చయ్యాక డాక్టరమ్మ ఒక ప్రతి ఇచ్చింది. అత్త నా చేత దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"పదిహేడు అని వేశారు, బాగానే ఉంది. పోసింది పదిహేడే అని వెయ్యలేదేం?"

సుల్మా తిరిగొచ్చిన మొదటి సోమవారం గురించి మాత్రం అత్త ఎవరు అడిగినా చెబుతుంది. సుల్మా ఆమె చెయ్యి పట్టుకుని, నరాన్ని బొటనవేలితో నిమిరింది.

"ఎన్నిసార్లు గుచ్చారు అత్తా వీళ్ళు?"

"ఏడు దాకా లెక్కపెట్టాను."

"అబద్ధాలు చెప్పినందుకు ఏడు తక్కువే," అంది సుల్మా. ఒక్క పోటులో సూది దించి, పట్టీ వేసి, పక్క కుర్చీకి వెళ్ళిపోయింది.