నేను తెంపని ఆకు

మా బాటనీ సార్ పోయారు. మొన్న సోమవారం, మహబూబ్‌నగర్ దవాఖానలో, అడవి నుంచి తెచ్చుకున్న చలిజ్వరంతో. "అక్కా, వద్దంటే ఇనకుండ అబ్బా మళ్ల అచ్చంపేటకే పోయిండు" అన్నాడు ఫోన్‌లో ఆయన కొడుకు. ఎందుకు పోయారో నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

ఎనభైల చివర నేను ఆయన శిష్యురాలిని. కాలేజీ కంచె పొడవునా సార్ పెంచిన కనకాంబరాలు ఉండేవి. అవి అచ్చంపేట పక్క నల్లమలలో పూసే అడవి కనకాంబరానికి బిడ్డలేనా? ఆయన జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నే. ఆకులోని హరితరేణువులకు వాటి జన్యువులు వాటికుంటాయని, అవి తల్లి మొక్క నుంచే వస్తాయని చెప్పేవారు. "పూవు రంగు జూసి మోసపోవద్దు బిడ్డా. ఆకునడుగు, తల్లెవరో అది చెప్తది." హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాల వాళ్లు రెండు మొక్కల జన్యువులనూ పోల్చి చూస్తామన్నారు.

ఆకు తెంపే ముందు మొక్కను రెండు రోజులు చీకట్లో ఉంచాలి, లోపలి పిండి తగ్గడానికి. సార్ తన భార్య పాత బురఖా తెచ్చి కాలేజీ మొక్కకు కప్పారు. ఆమెను నేను చాచీ అనేదాన్ని. "చెట్టుకు గూడ పర్దానా! మీ సార్‌కు దిమాక్ ఖరాబైంది" అని చాచీ ఒకటే మొత్తుకుంది. ఇంకో బురఖా నా చేతికిచ్చి, అడవి మొక్క పని చూసుకు రమ్మని సార్ నన్ను అచ్చంపేటలోని మా మేనత్త ఇంటికి పంపారు.

కప్పాను. రెండు రోజులాగి తెంపి, ఐసు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. కల్వకుర్తి దగ్గర బస్సు చెడిపోయింది. మహబూబ్‌నగర్ చేరేసరికి ఐసంతా నీళ్లై ఆకులు నల్లబడ్డాయి. మళ్లీ పొమ్మంటారన్న భయమో, సార్ మొహం చూడలేకనో, తిన్నగా కాలేజీ కంచె దగ్గరికి పోయి, అక్కడి బురఖా కింద చెయ్యి పెట్టి ఆకులు తెంపి, వాటికే అడవి చీటీ కట్టాను. పాపిష్టిదాన్ని.

ఫలితం వచ్చింది. రెండూ ఒక్కటే అన్నారు. ఒక్కటి కాక చస్తాయా! సార్ స్టాఫ్‌రూమంతా మిఠాయి పంచారు.

ఏడాదికి ప్రయోగశాల వాళ్లు అదే అడవి మొక్క ఆకులు ఇంకోసారి అడిగారు.

"యాడ తెంపినవ్ బిడ్డా?"

"వాగొడ్డున సార్."

ఆయనే పోయి తెచ్చారు. కలవలేదు. మళ్లీ పోయారు, మళ్లీ కలవలేదు. హైదరాబాద్ వాళ్లు నవ్వి ఊరుకున్నారు గానీ సార్ ఊరుకోలేదు. మోకాళ్లు అరిగినా ఏటేటా వానలు తగ్గగానే డబ్బా పట్టుకుని బయల్దేరేవారు. "ఇగ చాలు సార్" అంటే, "నువ్వు తెంపినవ్ గదా. చెట్టు యాడికి పోతది? నా కండ్లకే అవుపడ్తలేదు" అనేవారు. ఆ మాటకైనా నేను నోరు తెరవాల్సింది. ఇన్నేళ్లూ తెరవలేదు.

నిన్న చాచీ దగ్గరికి పోయాను, ఇప్పుడైనా చెప్పేద్దామని. నా చేతులు పట్టుకుని, "ఆఖరుకు గూడ నీ ముచ్చటనే. బిడ్డ తెంపిన చెట్టు ఈపాలి దొరికినట్టే ఉన్నదన్నడు" అని ఏడ్చింది. ఆమె కళ్లు తుడిచి లేచాను.

గోడ వారగా ఆ ఐసు డబ్బా ఉంది. మూత తీశాను. అడుగున తడి ఆరని గుడ్డలో నల్లబడిన ఆకులు నాలుగు, వాటికి కట్టిన చీటీ. చీటీ మీద సార్ చేతిరాత: "ఇదే కావచ్చు."