ఈశాన్యం మూల ఖాళీగా వదిలిన గది

మల్కాపురంలో మా అక్క ఇంటి మేడ మీద ఒక గది ఖాళీగా ఉండేది. దాన్ని పాటలు రికార్డు చేసే గదిగా మార్చుకుంటానంటే అక్క సరేనంది. పెళ్లిళ్లకీ ప్రకటనలకీ సౌండ్ పని చేసుకునే నాకు సొంత గది కావాలని ఎప్పటినుంచో ఉంది. తొందర మాత్రం బావ వల్ల వచ్చింది. ఆయన గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి ఢోకా లేదు కానీ గొంతు మిగులుతుందని చెప్పలేమన్నారు డాక్టర్లు. బావ పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. శనివారం భజనలో తత్వాలు పాడతాడు. ఆపరేషన్ లోపు ఆ పాటలు రికార్డు చేసేయాలి.

గదేమో సరిగ్గా చతురస్రం. కట్టేటప్పుడు పొడవూ వెడల్పూ సమానంగా ఉంటే మంచిదని ఎవరో చెప్పారట. ఆ మహానుభావుడు దొరికితే నాలుగు దులిపేదాన్ని. పాటకి అంతకంటే చెడ్డ గది ఉండదు. మిగతా స్వరాలన్నీ మామూలుగా వినిపిస్తుంటే, ఏదో ఒక కింది స్వరం గోడల మధ్య ఇరుక్కుని గుమ్మని మోగుతుంది. స్పీకరు పెట్టి ఒక్కొక్క స్వరం వినిపించి చూశాను. నా ఖర్మ, బావ పాటలో ప్రతి చరణం చివరా వచ్చి ఆగేది ఆ స్వరం మీదే.

ఒక మూలకి ఏటవాలుగా అడ్డగోడ పెడితే మోత చాలావరకు తగ్గుతుంది. ఒక మూల తలుపు, ఒక మూల కిటికీ, ఇంకో మూల నీళ్ల పైపు. మిగిలింది ఈశాన్యం. వడ్రంగి చట్రం నిలబెడుతుంటే అక్క టీ పట్టుకుని పైకొచ్చింది.

"ఏటే ఇది?"

"అడ్డగోడ."

"ఈశాన్యం మూల కోసెత్తావేటే? మీ బావకి ఆపరేసన్ ఎట్టుకుని?"

ఉత్త ప్లైవుడ్డేనని, పని అయ్యాక పీకేస్తానని చెప్పాను. వినలేదు. నాకు ఒళ్లు మండింది.

"పాటకి దిక్కులు తెలీవే అక్కా!" అని అరిచాను.

"నాకు తెలుసు గదేటి," అని వెళ్లి ఆ మూలలోనే చతికిలబడింది. వడ్రంగి నా మొహం చూసి పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. ఇల్లు ఆవిడది, మొగుడూ ఆవిడ మొగుడే. ఇంకేం అంటాను?

వాస్తు ప్రకారం నైరుతిలో ఎంత బరువైనా పెట్టుకోవచ్చట. నీళ్ల పైపు ఉన్నది ఆ మూలే. అక్కడ అడ్డగోడ కుదరదు గానీ, మెత్తదేదైనా పైపు చుట్టూ సర్దొచ్చు. ఆటోనగర్ నుంచి బాయిలర్లకి చుట్టే రాక్‌వూల్, అదే మోతని పీల్చే రాతి ఉన్ని, తెచ్చి, చట్రాల్లో కుక్కి, గుడ్డ కప్పి, పైపు కనబడకుండా పైకప్పు దాకా పేర్చాను. అక్క సంతోషించి దానికి పసుపూ కుంకుమా బొట్లు పెట్టింది. మోత సగం తగ్గింది. మిగతా గోడలకీ మెత్తలు కొట్టేస్తే పాడేవాడికి తన గొంతు తనకే వినిపించదు, అందుకని సగం గోడలు అలాగే వదిలేశాను. మైకు అటూ ఇటూ మార్చి చూశాను. గోడల దగ్గర బావ గొంతు పీలగా పడుతోంది. గది మధ్యలో నిండుగా ఉంది, ఆ పాడు మోత ఉన్నదీ అక్కడే. గత్యంతరం లేక మైకునీ బావనీ మధ్యలోనే నిలబెట్టి రికార్డింగు మొదలుపెట్టాను.

మొదటి చరణం చివర గది గుమ్మంది. బావ పాట ఆపకుండా చూపుడు వేలు పైకప్పు వైపు ఎత్తి నన్ను చూసి నవ్వాడు. ఆ తర్వాత ప్రతి చరణానికీ అదే వరస. పాట అయ్యాక, "ఇంటన్నావేటే మరదలా? నీ గది నాకు వంత పాడతంది," అన్నాడు.

"వంత కాదు బావా, తప్పు."

"తప్పయితే అయింది. ఉండనీ."

తర్వాత కంప్యూటర్లో తీసేద్దాంలే అనుకుని ఊరుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మనిషి దక్కాడు, గొంతు పోయింది. కొన్ని వారాలకి మెట్లు మెల్లగా ఎక్కి ఆయనే పైకొచ్చాడు. వెనకాల అక్క. బావ గది మధ్యలో, తన చోట్లో నిలబడి నోరు తెరిచాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. గది మోగలేదు. ఆ మోత పోవాలని అంత తంటాలు పడ్డానా, ఇప్పుడు పూర్తిగా పోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

"పాట ఎట్టవే," అంది అక్క. వెళ్లి ఈశాన్యం మూల నేల మీద కూర్చుంది.

కంప్యూటర్లో ఆ మోత ఇంకా అలాగే ఉంది. తీసేద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా చెయ్యి రాలేదు. పాట పెట్టాను. బావ తల వంచుకుని వింటున్నాడు. మొదటి చరణం అయింది. గది గుమ్మంది.

బావ వేలు పైకెత్తి నా వైపు చూశాడు.