గఫూర్ చాచా వేసిన రంధ్రం

ఎన్నికలు వచ్చాయంటే మా ఇంట్లో తుపాకి నూనె వాసన వస్తుంది. ఓట్లు అయిపోయేదాకా లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించాలి కదా, నిన్న పొద్దున అదే పనిలో కూర్చున్నాను. బాపు రైఫిల్‌ను నూనెగుడ్డతో తుడిచి, పైన గురి చూసేందుకు బిగించిన దుర్బిణి పక్కన చిన్న పిడి తిప్పాను. టక్‌మని చప్పుడైంది, దుర్బిణి చేతిలోకి వచ్చేసింది. ఆ వాసనలో ఆ చప్పుడు వింటే చాలు, నాకు గఫూర్ చాచా గుర్తొస్తాడు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. నిజామాబాద్‌లో, బోధన్ రోడ్డు మీద ఇరుకు దుకాణంలో తుపాకులు బాగుచేసేవాడు. మొండి మనిషి. గిరాకీతో పోట్లాడనిదే ఆయనకు చాయ్ అరిగేది కాదు.

మాది రుద్రూర్ దగ్గర చెరుకు. గడకు తీపి పట్టే వేళకు అడవిపందులు దిగుతాయి. తినేది కొంతే, తొక్కి విరిచేదే ఎక్కువ. వాటిని కొట్టడానికి అనుమతి ఉన్న కొద్దిమందిలో మా బాపు ఒకడు. ఆయన పోయాక రైఫిలూ లైసెన్సూ, తర్వాత ఆ అనుమతీ నా పేరున వచ్చాయి. గురి బాపే నేర్పాడు, చేతకాకపోవడం కాదు నా ఇబ్బంది. తెల్లవారే మసకలో పందీ నల్లగానే ఉంటుంది, గొట్టం చివరి గురికన్నూ నల్లగానే ఉంటుంది, వెనకాల ఏముందో అసలే కనపడదు. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ళు పిల్లాపాపలతో చేల గట్ల మీదే గుడిసెలు వేసుకుంటారు. గుండు పందిని దాటి అటు పోతే? ఆ భయంతో ఒక సీజనంతా నేను ఒక్క గుండూ పేల్చలేదు. కళ్ళముందే చేను సగం నాశనమైంది. ఆడదాని చేతికి తుపాకి ఎందుకని ఊళ్ళో మగవాళ్ళు నవ్వారు కూడా, నవ్వకుండా ఉంటారా?

బాపు ఇనుప పెట్టెలో ఒక జర్మనీ దుర్బిణి ఉండేది. చక్కెర ఫ్యాక్టరీలో రిటైరైన ఒక ఇంజనీరు దగ్గర కొన్నాడట, బిగించడం మాత్రం బాపు వల్ల కాలేదు. మామూలు దుర్బిణి గుండ్రటి గొట్టం. రెండు రింగులు చుట్టూ బిగిస్తే తుపాకి మీద కూర్చుంటుంది. దీని పొట్ట కింద మాత్రం పొడుగునా ఒక ఇనుప పట్టా ఉంది, రింగు చుట్టుకోదు. దాన్ని పట్టుకుని ఆ వేసవిలో చాచా దుకాణానికి పోయాను.

“ఇది ఎట్ల కూసుంటది చాచా?” అని అడిగాను.

ఆయన అద్దాలు నుదుటి మీదికి తోసి, దుర్బిణిని అటూ ఇటూ తిప్పాడు. “నాకేం తెల్వది బిడ్డా. గిసుంటిది నేను గూడ సూడలే” అన్నాడు. తెలియదని చెప్తూ అంత సంతోషపడ్డ మనిషిని నేను అంతకుముందు చూడలేదు. చేతిలో ఉన్న వేరేవాళ్ళ తుపాకి పక్కన పెట్టేశాడు.

“పట్నంల అడిగితె పట్టా గీకేసి రింగులు ఎక్కిస్తమన్నరు” అన్నాను.

“ఎముక తీసేసి అంగి తొడుగుతరా? తొందర గాళ్లకు. జర ఆగు, అది ఎట్ల కూసుంటనంటదో సూద్దాం.”

ఆ చూడడానికి వారాలు పట్టింది. ఎవరెవరినో అడిగి తెలుసుకున్నాడు. అటువంటి పట్టాను కిందినుంచే పట్టుకునే మౌంట్లు, అంటే దుర్బిణిని తుపాకికి కలిపే ఇనుప దిమ్మలు, ఉంటాయట. నేను మళ్ళీ వెళ్ళేసరికి బల్ల మీద మూడు ఉన్నాయి. ఏది మంచిదని అడిగితే నన్నే లేచి నిలబడమన్నాడు. ఖాళీ రైఫిల్ చేతికిచ్చి, “కండ్లు మూసుకో. భుజానికి పెట్టు. చెంప ఆనించు. ఇప్పుడు తెరువు, తల మాత్రం జరుపకు” అన్నాడు. పక్కకు వచ్చి నా కన్ను ఎక్కడుందో వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఇది మీ బాపు చెంపకు కోసిన కట్టె బిడ్డా. నీ మొఖం సిన్నది. కన్ను కిందికున్నది. ఎత్తు మౌంట్ పెడితె నువ్వు మెడ సాపి సూడాలె, చెంప లేస్తది, గురి పోతది.” అన్నింటిలోకీ పొట్టిదాన్ని నా వైపు తోశాడు. చుట్టూ రింగు ఉండదు కాబట్టి పట్టా ఉన్న దుర్బిణి అంత కిందికి కూర్చోగలదని అప్పుడు అర్థమైంది. బాపు చెంప ఆనిన చోట నా చెంప ఆనడం లేదన్న మాటకు మాత్రం నాకు ఏడుపు వచ్చింది. చాచా చూడనట్టు చాయ్ చెప్పాడు.

ఆ పొట్టి మౌంట్‌లోనూ రెండు రకాలు దొరుకుతాయట. స్క్రూలతో శాశ్వతంగా బిగించేది ఒకటి, పిడి తిప్పితే ఊడి వచ్చేది ఇంకొకటి. బిగించేదే గట్టిగా ఉంటుంది కదా అన్నాను నేను.

“ఎలక్షన్లకు తుపాకి ఠాణాల పెడ్తవ్ గద? ఆడ పది తుపాకుల నడుమ నిలవెడ్తరు. ఒకదానికొకటి తగుల్తయి. దుర్బిణి ఎంట్రుకంత జరిగినా గుండు ఏడికో పోతది. పిడిది పెట్టుకో. దుర్బిణి ఇంట్ల పెట్టుకో, దానికి లైసెన్స్ లేదు.”

మౌంట్ ఎంపిక అయింది. ఇక మిగిలింది రంధ్రం. ఆ పాత రకం పట్టాకు అడుగున రంధ్రం వేసి, అందులో స్క్రూ దించి మౌంట్‌కు బిగించాలి. కంటికి దగ్గర పడితే పేల్చినప్పుడు దుర్బిణి వెనక్కి తన్ని కనుబొమ్మ చీలుస్తుంది. దూరం పడితే చుట్టూ నల్లటి అంచు కమ్మి సగమే కనపడుతుంది. వేసిన చోటు తప్పైతే బాపు దుర్బిణి పాడైనట్టే. అందుకని చాచా దాన్ని మౌంట్ మీద దారంతో కట్టేవాడు. నన్ను కళ్ళు మూసి తెరవమనేవాడు. దారం విప్పి, కాస్త జరిపి మళ్ళీ కట్టేవాడు.

ఒకరోజు తృప్తిగా తలూపి, రంధ్రం వేస్తాడనుకునేలోపు ఆగిపోయాడు. “పందులు ఎప్పుడు దిగుతయి?”

“చలికాలం.”

“అప్పుడు ఏం తొడుక్కుంటవ్?”

మర్నాడు నేను ఎండలో బస్సు దిగి, ఆ రేకుల దుకాణంలో మందపాటి ఉన్ని స్వెటర్ వేసుకుని కూర్చున్నాను. చెమట చెవుల వెనక నుంచి కారుతోంది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసి పోతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. “నీ దారాలు అయ్యేలోపు నా చేను అయిపోతది చాచా” అని అరిచాను. ఆయన తొణకలేదు. “చేను మళ్ల పెరుగుతది. ఈ రంధ్రం మళ్ల పూడదు. మూసుకో కండ్లు” అన్నాడు. తీరా చూస్తే స్వెటర్ మందానికి నా కన్ను వెనక్కి జరిగింది, నిన్నటి చోటు తప్పైంది. చాచా చిన్నపిల్లాడిలా తొడ చరుచుకున్నాడు. బిస్మిల్లా అనుకుని ఆయన డ్రిల్లు ఆనిస్తుంటే నేను గోడవైపు తిరిగాను.

ఆ చలికాలం, తెల్లవారుతుండగా, చేను అంచున పంది కనిపించింది. పెద్దది. రైఫిల్ ఎత్తాను. చెంప ఆనీ ఆనకముందే దుర్బిణి నిండా వెలుతురు. నల్లటి అంచు లేదు, మెడ చాపే పని లేదు. పంది వెంట్రుకలు కనపడ్డాయి. దాని వెనక, గడల సందున, ఆకుపచ్చ చీర ఆరేసి ఉంది. చెరుకు కొట్టేవాళ్ళు ముందురోజు సాయంత్రం గుడిసెలు ఇటువైపు మార్చుకున్నారు. నాకు ఎవరూ చెప్పలేదు. చీర పక్కన ఎవరో వంగి పొయ్యి రాజేస్తున్నారు. వేలు తీసేశాను. పంది తాపీగా చెరుకులోకి పోయింది. రైఫిల్‌లోంచి గుండు తీసేసి ఇంటిదారి పట్టాను.

నాలుగు రోజులకు దుకాణానికి పోయాను. చాచా ఆత్రంగా లేచి, “కొట్టినవా?” అన్నాడు.

“లేదు చాచా.”

ఆయన ముఖం వాడిపోయింది. “ఎందుకు? గురి తప్పిందా?”

“ఎన్క చీర కనవడ్డది. మనుషులున్నరు.”

చాచా కూర్చున్నాడు. గ్లాసు అందుకుని, తాగకుండానే పెట్టేశాడు. “తుపాకి ఎత్తంగనే కనవడ్డదా? తల జరుపకుంటనే?”

“జరుపలే.”

“గట్లయితె రంధ్రం సరిగ్గనే పడ్డది” అని, అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాతి సీజన్లలో పందులను కొట్టాను, చేనూ నిలబడింది. చాచా ఇప్పుడు లేడు. వెనక్కి తీసుకోలేని పని ఏదొచ్చినా ముందు దారంతో కట్టి చూసే చాదస్తం మాత్రం నాకు అంటించి పోయాడు. బోరు వేయించే ముందు చేనంతా ఎన్నిసార్లు తిరిగానో ఇంట్లో నాతో ఉండే మా అత్తనడగండి. నిన్న రైఫిల్ అప్పగించి వచ్చి, దుర్బిణిని ఆ ఉన్ని స్వెటర్‌లోనే చుట్టి అల్మారాలో పెట్టాను. తుపాకి తిరిగి వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. దుర్బిణి మళ్ళీ ఎక్కించేటప్పుడు ఆ స్వెటర్ తొడుక్కునే నిలబడి కళ్ళు మూసుకుంటాను. మా అత్త ఎప్పటిలాగే నవ్వుతుంది, నవ్వనీ.